సాంఖ్యక శాస్త్రమునకు ప్రయోగశాల

భౌతికశాస్త్రము చదువు విద్యార్థి లోలకమును వ్రేలాడగట్టి దాని డోలనకాలమును తానే కొలుచును; రసాయనశాస్త్రము చదువువాడు బ్యూరెట్టునుండి ద్రావణమును బొట్టుబొట్టుగా విడుచుచు రంగు మారు క్షణమును తన కంటితో చూచును; వృక్షశాస్త్రము చదువువాడు లేతకాండమును పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని క్రింద నుంచి పరికించును. సాంఖ్యక శాస్త్రము చదువు విద్యార్థికి మాత్రము చూచుటకేమియు లేదు. అతడు పట్టికలు గీయును, వర్గములు కూడును, వర్గమూలము తీయును, పుస్తకము చివరనున్న సమాధానముతో సరిచూచుకొనును. మన కళాశాలలలో ఈ శాస్త్రమునకు కూడ ప్రాక్టికల్స్ అను పేర గంటలు కేటాయింపబడియే యున్నవి, రికార్డులు వ్రాయబడుచునే యున్నవి. కాని ఆ గంటలలో జరుగుచున్నది గణనమే గాని ప్రయోగము కాదు. ఇచ్చిన దత్తాంశమునకు ద్విపద విభాజనమునో పాయిజాన్ విభాజనమునో అమర్చుట, కై-వర్గపు విలువను కట్టి పట్టికలోని విలువతో పోల్చుట, శూన్య పరికల్పనను తిరస్కరించుచున్నామని యొక వాక్యము వ్రాసి పుట త్రిప్పుట, ఇంతటితో పని ముగియుచున్నది. తిరస్కరించినది దేనిని, ఏ సాక్ష్యముపై, ఎంత ధీమాతో అను ప్రశ్నలు ఆ పుటపై ఎచ్చటను కానరావు.

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు గణితములో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అను అధ్యాయములు చిరకాలముగా బోధింపబడుచు వచ్చినవి. క్రమ విచలనమును తప్పులేకుండ కట్టగల యొక బాలుని పిలిచి, "మీ కళాశాల పిల్లలలో పదిమందిని చీటీలు తీసి ఎన్నుకొని వారి ఎత్తుల సగటు కట్టితివి కదా, వారిని పంపివేసి మరియొక పదిమందిని అట్లే ఎన్నుకొనిన ఈ సగటే వచ్చునా? రాకున్న ఎంత దూరము తొలగిపోవచ్చును?" అని యడిగి చూడుడు. మొదటి ప్రశ్నకు రాదని వెంటనే చెప్పును. రెండవ ప్రశ్నకు మౌనము వహించును. అది యాతని దోషము కాదు. అట్టి ప్రశ్న యొకటి కలదని అతనికెవరును చెప్పియుండలేదు. సాంఖ్యక శాస్త్రపు సారమంతయు ఆ రెండవ ప్రశ్నలోనే యున్నది. ఆ ప్రశ్నకు సమాధానమును విద్యార్థి తన చేతులతో తానే కనుగొనునట్లు చేయగల సాధనము నేడు మనకు లభించియున్నది: మీట నొక్కి, విలువలు మార్చి, ఫలితమును తక్షణమే తెరపై చూడదగిన కంప్యూటరు అనుకరణ. దానిని పాఠ్యప్రణాళిక యంచున నొక అలంకారముగా గాక నట్టనడుమ నిలుపవలెననియు, అయితే విద్యార్థి ముందుగా ఊహించి పిదప పరీక్షించు ప్రయోగముగానే అది యుండవలెను గాని తెరపై సాగు వేడుకగా నుండరాదనియు నా నిశ్చితాభిప్రాయము.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన యిండ్లలో చెప్పుదురు. నమూనా యనగా నేమో తెలుపుటకు ఇంతకంటె చక్కని మాట లేదు; కాని ఆ మెతుకు మనలను ఎంతవరకు మోసగింపగలదో ఆ మాట చెప్పదు. కుండలోని బియ్యమంతయు ఒకే సెగకు ఇంచుమించు ఒకే తీరున ఉడుకును గనుక అచ్చట మెతుకు చాలును. ఒక జిల్లాలోని కుటుంబముల ఆదాయములు గాని, ఒకే మందు పుచ్చుకొన్న రోగుల రక్తపోటులు గాని అట్లు ఏకరూపముగా నుండవు. ఇచ్చటనే బోధనకు మూలకష్టము కలదు. పరిశోధకుని చేతికి వచ్చు నమూనా ఎప్పుడును ఒక్కటే. వచ్చుటకు అవకాశముండియు రాని నమూనాలు లక్షలు; వానిలో ప్రతిదానికి ఒక్కొక్క సగటు; ఆ సగటులన్నియు కలిసి యొక విభాజనము. విశ్వాసాంతరముగాని, పరికల్పనా పరీక్షగాని, ఎన్నికలకు ముందు పత్రికలలో వచ్చు అంచనాల ప్రక్కన వ్రాయు దోషపరిమితి గాని, సమస్తమును ఆ విభాజనము మీదనే నిలిచియున్నవి. అట్టిదానిని లోకములో ఎవరును ఎన్నడును కన్నులార చూచియుండరు. చూడని వస్తువును గూర్చి, పదునేడేండ్ల పిల్లవానికి, మూడు వరుసల సూత్రముతో చెప్పి, వానికి తెలియలేదని విచారించుచున్నాము.

పెద్దలకైనను ఇది సహజముగా తోచునది కాదు. ట్వర్‌స్కీ, కానెమన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1974లో సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసమున ఒక ప్రశ్న ప్రసిద్ధమైనది. ఒక పట్టణములో రెండు ఆసుపత్రులు కలవు. పెద్దదానిలో దినమునకు సుమారు 45 మంది శిశువులు, చిన్నదానిలో సుమారు 15 మంది పుట్టుచున్నారు. ఒక సంవత్సరమున మగశిశువులు నూటికి 60 మందిని మించి పుట్టిన దినములను రెండు ఆసుపత్రులును గుర్తించుకొనినచో, అట్టి దినములు ఎచ్చట ఎక్కువగా నుండును? ప్రశ్నింపబడిన 95 మంది కళాశాల విద్యార్థులలో 53 మంది రెండును ఇంచుమించు సమానమనిరి. 21 మంది పెద్ద ఆసుపత్రియనిరి. చిన్న ఆసుపత్రి యని సరిగా చెప్పినవారు 21 మందియే. ఆడమగ శిశువులు సమసంభావ్యులని తలచి లెక్కించిన, చిన్నదానిలో అట్టి దినములు ఏటికి సుమారు 55, పెద్దదానిలో సుమారు 25. నమూనా చిన్నదైనకొలది అది అటునిటు నెక్కువగా ఊగునని చెప్పు ఈ యొక్క సత్యము మనస్సునకు పట్టియుండినచో, నాలుగిండ్లున్న పల్లెలో ఇద్దరికి వ్యాధి రాగానే గగ్గోలు పడుటయు, పదిమంది వ్రాసిన పరీక్షలో తొమ్మిదిమంది నెగ్గిన పాఠశాలను తలకెత్తుకొనుటయు కొంత తగ్గియుండెడివి.

అనుకరణ కంప్యూటరుతో పుట్టిన విద్య యని తలచుట పొరపాటు. ఈ శాస్త్రమును నిర్మించిన మహనీయులే తమ సిద్ధాంతములను చేతితో పరీక్షించిగాని విశ్వసింపలేదు. ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు వెల్డన్ పండ్రెండు పాచికలను 26,306 మారులు వేసిన ఫలితములను 1894లో గాల్టన్‌కు వ్రాసి పంపెను. అయిదుగాని ఆరుగాని పడుట మూడింట ఒక వంతు కావలసియుండగా 0.3377 వంతుగా తేలుటను బట్టి, ఆ పాచికలు సరియైనవి కావని 1900లో కార్ల్ పియర్సన్ తన కై-వర్గ పరీక్షతో నిరూపించెను. కెరిక్ అను గణితోపాధ్యాయుడు రెండవ ప్రపంచయుద్ధ కాలమున డెన్మార్కులో నిర్బంధమందుండి, ఒక నాణెమును పదివేల మారులెగురవేసి, బొమ్మ 5,067 మారులు పడినదని లెక్క వ్రాసికొనెను.

వీరందరిలో గాసెట్ కథ విద్యార్థులకు తప్పక చెప్పదగినది. డబ్లిన్ నగరమున గిన్నిస్ బీరు కర్మాగారములో ఉద్యోగియైన ఆయనకు బార్లీ గింజలను గూర్చి, వాని మొలకలను గూర్చి నాలుగైదు పరీక్షల ఫలితములనుబట్టియే నిర్ణయములు చేయవలసి వచ్చుచుండెను. ఆనాటి సూత్రములన్నియు పెద్ద నమూనాలకే చెల్లునవి. చిన్న నమూనాలలో సగటు ఎట్లు ప్రవర్తించునో ఆయన గణితముతో ఊహించెను. ఆ ఊహ నిజమా కాదా యని తెలిసికొనుటకు, 3,000 మంది నేరస్థుల ఎత్తులను, ఎడమచేతి నడిమివ్రేలి పొడవులను మూడువేల అట్టముక్కలపై వ్రాసి, వానిని బాగుగా కలిపి, ఒక్కొక్కటిగా తీసి, నాలుగేసి చొప్పున 750 నమూనాలు కట్టెను. ప్రతి నమూనాకును సగటు, ప్రతి నమూనాకును క్రమ విచలనము, అన్నియు చేతి లెక్కయే. ఆ 750 విలువల చిత్రము తన సూత్రముతో పొసగెనని తేల్చుకొనిన పిమ్మటనే, 1908లో, స్టూడెంట్ అను మారుపేరుతో బయోమెట్రికా పత్రికలో తన వ్యాసమును ప్రకటించెను. నేడు మన పిల్లలు పుస్తకము చివరి పట్టికలో వెదకు 't' విలువలకు మూలమిదియే. సిద్ధాంతమును కనుగొన్నవాడే అట్టముక్కలు కలిపి చూచుకొనవలసి వచ్చినది. అట్టి సిద్ధాంతమును ఏ ముక్కయు కలుపకుండ, ఏ చీటియు తీయకుండ నమ్ముమని మనము విద్యార్థిని శాసించుచున్నాము.

భారతములోని నలోపాఖ్యానము ఈ సందర్భమున స్మరింపదగినది. విదర్భకు పోవు దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి దాని ఆకులెన్నియో కాయలెన్నియో లెక్కింపకయే చెప్పినప్పుడు, బాహుకుని రూపముననున్న నలుడు రాజు మాట యని తలయూపి ఊరకుండలేదు. స్వయంవరమునకు వేళ మించిపోవునని రాజు తొందరించుచున్నను రథము నిలిపి, చెట్టును పడగొట్టి, కాయలు లెక్కించి, సరిపోయిన తరువాతనే ఆ విద్యను నేర్పుమని యర్థించెను. విద్యార్థి యనువాడు అట్లుండవలెను. వానికి రథము నిలుపుటకు వ్యవధి నిచ్చు గురువును అట్టివాడే.

ఆ వ్యవధిని తగ్గించినది కంప్యూటరు. 1946లో జబ్బుపడి కోలుకొనుచున్న గణితజ్ఞుడు ఉలామ్, ఒంటరిగా పేకాట ఆడుకొనుచు, ఆట గెలుచు సంభావ్యతను బీజగణితముతో కట్టుటకంటె వంద ఆటలాడి లెక్కించుటయే సులభము గదా యని తలపోసెను. ఆ తలపు ఫాన్ నాయ్‌మన్ చేతిలో ఎనియాక్ యంత్రముపై అణుశాస్త్ర గణనములకు సాధనమై మాంటీ కార్లో పద్ధతి యను పేరు పొందినది. గాసెట్ మూడువేల ముక్కలతో పడిన శ్రమ యంతయు నేడు విద్యార్థి జేబులోని సెల్‌ఫోనుకు ఒక్క సెకనులోని పని. రైస్ విశ్వవిద్యాలయమునందు డేవిడ్ లేన్ రూపొందించిన నమూనా విభాజన చిత్రము, రాస్‌మన్, ఛాన్స్ అనువారి యాప్లెట్లు, కొలరాడో విశ్వవిద్యాలయమువారి ఫెట్ అనుకరణలు, స్టాట్‌కీ, బ్రౌన్ విశ్వవిద్యాలయమున పుట్టిన సీయింగ్ థియరీ, ఇవి యన్నియు రుసుము లేకుండ లభించునవే.

లేన్ చిత్రమును ఒకింత దగ్గరగా చూతము. తెరపై మనము ముఖ్యముగా చూడవలసిన అంతస్తులు మూడు. పైయంతస్తున సమష్టి, అనగా మనము తెలిసికొనగోరు మొత్తము జనము. దాని ఆకారమును విద్యార్థి మౌసుతో తానే గీయవచ్చును. మన జిల్లాలలోని కమతముల వలె చిన్నవి మెండుగా, పెద్దవి అరుదుగా నుండునట్లు, ఎడమవైపు ఎత్తై కుడివైపు పొడవుగా తోక సాగిన ఆకారమును గీయుమనుడు. నమూనా పరిమాణము అయిదుగా నిర్ణయించి మీట నొక్కిన, పైనుండి అయిదు చిన్నచతురస్రములు జారి నడిమియంతస్తున పడును: అదియే నమూనా, లోకములో మనకు ప్రాప్తించునది అదియొక్కటియే. మరుక్షణమున ఆ అయిదింటి సగటు ఒకే చతురస్రమై క్రిందియంతస్తునకు దిగును. రెండవ మారు నొక్కిన నడిమియంతస్తు తుడిచిపెట్టబడి క్రొత్త అయిదు వచ్చును. క్రిందియంతస్తున మాత్రము మొదటి సగటు ప్రక్కన రెండవ సగటు చేరును. ఇట్లు పది పదునైదు మారులు ఓపికగా ఒక్కొక్కటిగా నొక్కవలెను. తొందరపడి వెంటనే పదివేల నమూనాల మీటను నొక్కించిన గురువు, పాఠమును పాడుచేసినవాడగును. ఏలననగా క్రిందనున్న ప్రతి చతురస్రమును ఒక మనుష్యుడు గాక ఒక సంపూర్ణ నమూనా యని బాలుని మనస్సున నాటుకొనుట ఆ నెమ్మదియైన పది పదునైదు నొక్కులలోనే జరుగును. అది నాటిన పిమ్మట పదివేలు నొక్కింపుడు. పైనున్న ఆకారము వంకరగానే యున్నను క్రిందనున్న సగటుల రాశి నడుమ ఎత్తై ఇరువైపుల సమముగా జారుట ఆరంభించును. పరిమాణమును అయిదునుండి ఇరువదికి పెంచి చూచిన, ఆ రాశి గంటయాకారమునకు మరింత దగ్గరై, దాని వెడల్పు సగమునకు సగము తగ్గును. నాలుగు రెట్ల శ్రమకు రెండు రెట్ల ఖచ్చితత్వమే దక్కునను వర్గమూల నియమము అచ్చట సూత్రముగా గాక దృశ్యముగా నిలుచును. మొదట మనమడిగిన ఎత్తుల ప్రశ్నకును సమాధానమిచ్చటనే దొరకును: పిల్లల ఎత్తుల క్రమ విచలనము 6 సెంటీమీటర్లనుకొనిన, పదిమంది సగటు అసలు సగటునుండి సుమారు పదింట ఏడు మారులు రెండు సెంటీమీటర్లలోపుననే యుండును, నలువదిమందిని తీసికొనిన ఆ రెండు ఒకటగును.

విశ్వాసాంతరము విషయమున మన పాఠ్యగ్రంథములు కలిగించిన అయోమయము మరింత గాఢమైనది. నూటికి 95 వంతుల విశ్వాసాంతరమనగా, అసలు విలువ ఈ రెండంకెల నడుమ నుండుటకు 95 వంతుల సంభావ్యత కలదని పట్టభద్రులును చెప్పుదురు. తెరపై నూరు నమూనాలు తీసి, నూరు అంతరములను నూరు అడ్డగీతలుగా ఒకదానిపై నొకటి పేర్చి, అసలు విలువవద్ద నొక నిలువుగీత గీచి చూపిన, ఇంచుమించు తొంబదియైదు గీతలు దానిని తాకుచు పోవును. నాలుగో అయిదో ఆరో ఎఱ్ఱరంగుతో ప్రక్కకు తప్పిపోయి కనబడును. నిలువుగీత కదలదు, అడ్డగీతలే కదలుచున్నవి. 95 అను ధీమా మన చేతనున్న ఒక్క గీతకు చెందినది కాదు, గీతలు గీయు పద్ధతికి చెందినది. అరగంట ఉపన్యాసముతో రాని ఈ వివేకము ఆ ఎఱ్ఱగీతలను చూడగానే కలుగును.

పరికల్పనా పరీక్షకు ఇంకను సులభమైన మార్గము కలదు. దానికి మొదట యంత్రముతో పనియే లేదు, పేకకట్ట చాలును. రోజెన్, జెర్డీ అను పరిశోధకులు 48 మంది బ్యాంకు అధికారులకు ఒక ఉద్యోగి దస్త్రము నిచ్చి, అతనిని శాఖాధిపతిగా పదోన్నతి చేయవచ్చునా యని యడిగిరి. 1974లో ప్రచురింపబడిన పరిశోధన యిది. దస్త్రములన్నియు ఒక్కటియే, సగముపై పురుషుని పేరు, సగముపై స్త్రీ పేరు. పురుషుని దస్త్రము వచ్చిన 24 మందిలో 21 మంది పదోన్నతి కీయకొనిరి. స్త్రీ దస్త్రము వచ్చిన 24 మందిలో 14 మందియే. ఇది పక్షపాతమా, లేక ఉదారులు కొందరు కాకతాళీయముగా ఒకవైపు చేరుటయా? తరగతిలో ఇట్లు చేయింపవలెను. కట్టలోని 13 ఇస్పేటు ముక్కలను పదోన్నతి నిరాకరించిన 13 మందిగా భావింపుడు. తక్కిన 39 ముక్కలలో నాలుగింటిని ప్రక్కన పెట్టిన మిగులు 35, ఈయకొనిన 35 మంది. పేరునకు ఏ ప్రాముఖ్యమును లేకున్న, ఆ 13 మంది ఎవరికి ఏ దస్త్రము వచ్చినను నిరాకరించియే యుండెడివారు. కనుక ముక్కలను బాగుగా కలిపి, 24 పంచి, అందులో ఇస్పేటు లెన్నియో లెక్కించి నల్లబల్లపై వ్రాయవలెను. ఆరో ఏడో తరచుగా వచ్చును. అయిదు, ఎనిమిది వచ్చుచుండును. నిజమైన పరిశోధనలో పురుషుని వైపు వచ్చినవి మూడు. తరగతియంతయు కలిపి నూరు మారులు పంచిన, మూడుగాని అంతకు తక్కువగాని వచ్చునది రెండు మూడు మారులకు మించదు. ఇప్పుడు కంప్యూటరుతో పదివేల మారులు పంచింపుడు, నిష్పత్తి స్థిరపడును. పి-విలువ యనగా నిదియే. సూత్రము లేదు, పట్టిక లేదు, నార్మల్ విభాజనమను ఊహ లేదు. విద్యార్థి తన చేతులతో కలిపి, పంచి, లెక్కించిన భిన్నము మాత్రమే కలదు.

ఇది బాలశిక్ష కొరకు కల్పించిన తేలికమార్గమని కొందరు పండితులు చిన్నచూపు చూడవచ్చును. అట్లు కాదు. 1935లో సాంఖ్యకవేత్త ఫిషర్ తన ప్రయోగరచనా గ్రంథమున, పాలు ముందో టీ ముందో రుచినిబట్టి చెప్పగలనన్న స్త్రీకి ఎనిమిది కప్పులిచ్చి పరీక్షించు విధమును వర్ణించుచు, కేవలము ఊహతోనే అన్నిటిని సరిగా చెప్పు సంభావ్యత 70లో ఒకటియని తేల్చినది ఈ తర్కముతోనే. ఆనాడు వేల పునర్విన్యాసములను చేతితో లెక్కించుట అసాధ్యము గనుక వక్రరేఖల నాశ్రయింపవలసి వచ్చినది. 1979లో సాంఖ్యకవేత్త ఎఫ్రాన్ బూట్‌స్ట్రాప్ పద్ధతిని ప్రవేశపెట్టి, చేతనున్న నమూనానుండియే మరల మరల నమూనాలు తీసి దోషమును అంచనా కట్టవచ్చునని చూపెను. సాంఖ్యకవేత్త జార్జి కాబ్ 2007లో వ్రాసిన వ్యాసమున, ప్రారంభ తరగతుల సాంఖ్యక పాఠమంతయు టాలమీ ఖగోళమువలె ఉపవృత్తములతో బరువెక్కినదనియు, కంప్యూటరు లేని కాలపు నిర్బంధమును నేటికిని సిద్ధాంతమని భ్రమించుచున్నామనియు నిష్కర్షగా వాదించెను. నేనాయన పక్షమువాడను. నార్మల్ విభాజనమును తొలగింపుమని కాదు. అది ముక్కలు కలిపిన తరువాత, ఆ చిత్రమును సంక్షేపించు సుందరమైన ఉపాయముగా రావలెనని.

ఇక సాధనమునుండియే పుట్టు ప్రమాదమును గూర్చి చెప్పవలెను. తెరపై బొమ్మలు కదలుచుండగా తరగతి నిశ్శబ్దమై చూచును. గురువునకు పాఠము సఫలమైనదని తోచును. మరునాడు ప్రశ్నించిన శూన్యము. అమెరికాలో డెల్‌మాస్, గార్‌ఫీల్డ్, ఛాన్స్ అనువారు తాము రచించిన నమూనా విభాజన కార్యక్రమమును తరగతులలో వాడి, 1999లో ప్రకటించిన ఫలితములు ఈ విషయమున మనకు కనువిప్పు. ఉత్తమమైన చిత్రములను, స్పష్టమైన సూచనలను ఇచ్చినను విద్యార్థుల అవగాహన ఆశించినంత పెరుగలేదు. పిమ్మట వారు పద్ధతిని మార్చి, విద్యార్థి తెరను చూడకముందే తన ఊహను ప్రకటించి, చూచిన తరువాత ఆ ఊహను ఫలితముతో పోల్చి, తేడా ఎందుకు వచ్చినదో వివరింపవలెనని నిర్ణయించిరి. అప్పుడు గాని చెప్పుకోదగిన అభివృద్ధి కలుగలేదు. అప్పటికిని అందరికిని కాదు. తన ఊహ తన కన్నులయెదుట విరిగినప్పుడే మనస్సు కదలును. ఊహింపని వానికి విరుగుటకేమియు లేదు.

మరియొక పరిమితి కూడ కలదు. మూడు తలుపుల వెనుక ఒకదానిలో కారు, రెండింటిలో మేకలు నుంచి, ఆటగాడొక తలుపు నెన్నుకొన్న తరువాత నిర్వాహకుడు మేకయున్న మరియొక తలుపు తెరచి, ఎంపిక మార్చుకొందువా యని యడుగు సమస్య 1990లో అమెరికా పత్రికలలో పెద్ద దుమారము లేపినది. మార్చుకొనిన గెలుపు మూడింట రెండు వంతులని చెప్పిన రచయిత్రికి వేలకొలది ఆక్షేపణ లేఖలు వచ్చినవి. మహాగణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ సయితము దీనిని ఒప్పుకొనక, మిత్రుడు వాజోన్యీ కంప్యూటరుపై ఆటను వందలమారులు ఆడించి చూపినప్పుడే లోబడెననియు, లోబడియు కారణము తెలియలేదని అసంతృప్తితోనే యుండెననియు ఆ మిత్రుడే చెప్పియున్నాడు. అనుకరణ నమ్మించును, ఏలయో చెప్పుట తర్కము పని. కనుక తెర ఆర్పిన తరువాత నల్లబల్లవద్దకు రాక తప్పదు. ఎర్డోష్ పొందిన ఆ అసంతృప్తిని విద్యార్థిలో కలిగింపగలిగినప్పుడు, గణితనిరూపణమును వాడే యడుగును.

మన పరిస్థితులలో ఇది సాధ్యమా యను సందేహము సహజము. కంప్యూటరు గది యొకటి, దానికి తాళము, తాళమునకు బాధ్యుడు, వేసవిలో విద్యుత్తు కోతలు, ఇవన్నియు మనమెరిగినవే. కాని పేకకట్టకు విద్యుత్తక్కరలేదు. చీటీలకు తాళము లేదు. యంత్రమున్నచోట మహావ్యయము లేదు: ఎక్సెల్ పట్టికలో 'ర్యాండ్' అను సూత్రమును వెయ్యి గడులలో నింపి, ఎఫ్-9 మీట నొక్కిన ప్రతిమారును వెయ్యి క్రొత్త యాదృచ్ఛిక సంఖ్యలు ప్రత్యక్షమగును, ఆర్ అను గణనభాష ఉచితము. లోపము సామగ్రిలో లేదు, మూడింటిలో కలదు. ఈ అనుకరణలలో పెక్కింటి సూచనలు, ప్రశ్నలు ఆంగ్లములోనే యుండుటచే తెలుగు మాధ్యమపు విద్యార్థి మొదటి మెట్టుననే నిలిచిపోవుచున్నాడు. తెలుగు సూచనలతో పది పండ్రెండు అనుకరణలను రచించుట మన విశ్వవిద్యాలయముల సాంఖ్యక, కంప్యూటరు శాఖలు కలిసిన పెద్ద పని కాదు. ఉపాధ్యాయునికి ఇందులో శిక్షణ లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, పరీక్షలో అడుగనిదానిని ఎవరును బోధింపరు, ఎవరును చదువరు.

పరీక్షా విధానమును మార్చుటకు రికార్డు పుస్తకమే దారి చూపుచున్నది. అందులో కుడివైపు గీతల కాగితము, ఎడమవైపు తెల్లకాగితము నుండును. ప్రయోగమునకు ముందు విద్యార్థి తన ఊహను ఎడమవైపున, బొమ్మ గీసి, తేదీ వేసి, ఉపాధ్యాయుని సంతకము పొందవలెను. అనుకరణ జరిగిన తరువాత ఫలితమును కుడివైపున వ్రాసి, క్రింద రెండు మూడు వాక్యములలో తేడాకు కారణము చెప్పవలెను. ఊహ తప్పినందుకు మార్కులు తగ్గింపరాదు. కారణము వ్రాయనందుకు తగ్గింపవలెను. ఈ నిబంధన యొక్కటి ప్రాక్టికల్ పరీక్షలో చేరిన, కోచింగు నోట్సునుండి ఎక్కించి వ్రాయుట దానంతటదే నిష్ప్రయోజనమగును, ఏలననగా ఇద్దరు విద్యార్థుల యాదృచ్ఛిక నమూనాలు ఒకే తీరుగా నుండవు.

తెలుగువారికి ఈ శాస్త్రమున ఘనమైన వారసత్వము కలదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాకు పోయి మహలనోబిస్ సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, యువకుడుగా కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచు, పెద్ద నమూనాలకు సంబంధించిన ఫిషర్ ఫలితమును వివరించినప్పుడు, తరువాతికాలమున ఆర్థికవేత్తగా ప్రసిద్ధుడైన దండేకర్ విద్యార్థి బల్లపైనుండి, పరిమితమైన నమూనాలకు ఇట్టిది ఏల నిరూపింపరాదని ప్రశ్నించెను. ఆ రాత్రి కూర్చుండి రావుగారు దానిని సాధించిరి. 1945లో ప్రచురింపబడి ఆ ఫలితము క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతట పాఠ్యాంశమైనది. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము ఆయనను వరించినప్పుడు పేర్కొనబడిన కృషికి మూలము ఒక తరగతిగదిలో లేచిన ప్రశ్న. మన తరగతులలో నేడు అట్టి ప్రశ్నలు లేవకుండుటకు పిల్లల బుద్ధిమాంద్యము కారణము కాదు. ప్రశ్న పుట్టుటకు కావలసిన దృశ్యమును మనము వారి యెదుట నుంచకపోవుటయే కారణము.

ఇంటర్మీడియట్ బోర్డులును, విశ్వవిద్యాలయముల పాఠ్యనిర్ణయ సంఘములును రానున్న సవరణలో ఈ క్రమమును పరిశీలింపవలెనని మనవి: మొదట చీటీలు, పేకముక్కలు, తరువాత తెరపై అనుకరణ, ప్రతిదానికి ముందు వ్రాతపూర్వకమైన ఊహ, ఆ పిమ్మటనే సూత్రము, పట్టిక. ప్రాక్టికల్ మార్కులలో సగమైనను ఊహకును వివరణకును కేటాయింపవలెను. ఉత్తరువులు వచ్చువరకు వేచియుండనక్కరలేని ఉపాధ్యాయులు రేపటి తరగతికే ఒక పేకకట్టను వెంట తీసికొనిపోవచ్చును.